మామగారికి హాఫ్ డాలర్లు వద్దమ్మా, నికెల్స్ ఇప్పించండి

ప్రశ్న: నమస్తే అన్నయ్యగారూ. మేం ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. మా మామగారు తెనాలిలో బ్యాంకులో హెడ్ క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు, 68 ఏళ్ళు. అక్టోబర్‌లో ఆయనా అత్తయ్యా ఆరు నెలలకని వచ్చారు. మొదటి నెల వాకింగులూ గుళ్ళూ తిరగడంతో బాగానే గడిచింది, మంచు మొదలైన దగ్గర్నుంచి కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూడటమే ఆయన పని. ఈమధ్య ఫోన్లో ఎవరో బ్యాంకు నుంచి కాయిన్ రోల్స్, అంటే కాగితంలో చుట్టిన నాణేల కట్టలు, తెచ్చి విప్పుతుంటే వెండి నాణేలు దొరకడం చూశారంట, అప్పట్నుంచి ఒకటే పట్టు, రెండు వేల డాలర్లకి హాఫ్ డాలర్లు తెప్పించమని. మా ఆయనేమో ఇది లాటరీ లాంటిది, వద్దంటున్నారు. నేను బ్యాంకులో అడిగితే హాఫ్ డాలర్లు లేవు అన్నారు. మా బాబుకి తొమ్మిదేళ్ళు, వాడు తాతయ్య పక్షం. డబ్బులు పోతాయా? ఏ నాణేలతో మొదలుపెట్టాలి? దొరికినవి ఇండియా తీసుకెళ్ళొచ్చా? కాస్త చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు మీవారి భయం తీర్చేద్దాం. ఇది లాటరీ కాదు. లాటరీ టికెట్ గీకాక చెత్తబుట్టలోకి పోతుంది, ఇక్కడ వంద డాలర్లిచ్చి వంద డాలర్ల నాణేలు తెచ్చుకుంటారు, చూసుకున్నాక మళ్ళీ వంద డాలర్లే వెనక్కి ఇస్తారు, నచ్చినవి ఉంచుకుంటే వాటి ముఖ విలువ మాత్రం తగ్గుతుంది అంతే. అదే వంద చలికాలమంతా తిరుగుతూనే ఉంటుంది. ఖర్చయ్యేది కారు గ్యాసు, టైము, బ్యాంకులో టెల్లర్ ఓపిక. మొదటి రెండూ మీ ఇంట్లో సరిపడా ఉన్నాయనుకుంటా, మూడోదాని గురించి మాత్రం కింద వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ హాబీ చాలామందికి అక్కడే ఆగిపోతుంది.

ఇక రెండు వేలకి హాఫ్ డాలర్లు అన్నారు చూడండి, అది వద్దు. మామగారి ఆలోచనలో తప్పేం లేదు, వెండి ఎక్కువగా దొరికేది హాఫ్ డాలర్లలోనే. 1964 దాకా అమెరికాలో డైములు (పది సెంట్లు), క్వార్టర్లు (పాతిక సెంట్లు), హాఫ్ డాలర్లు అన్నీ 90 శాతం వెండి, 1965లో చట్టం మార్చి డైములూ క్వార్టర్లలో వెండి మొత్తం తీసేశారు, హాఫ్ డాలర్‌లో మాత్రం 1970 దాకా 40 శాతం ఉంచారు. అంటే 1964 కెనెడీ హాఫ్ డాలర్ ఒకటి దొరికితే 12.5 గ్రాముల్లో 11.25 గ్రాములు అసలు వెండి, 1965 నుంచి 70 మధ్యదైతే 4.6 గ్రాములు. అర డాలర్‌కి పదకొండు గ్రాముల వెండి అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఈ లెక్క అరవై ఏళ్ళుగా అందరికీ తెలుసు, జనం ఏరుకుంటూనే ఉన్నారు, ఇప్పుడు బాక్సులు బాక్సులు విప్పినా ఒక్కటీ రాని రోజులే ఎక్కువ. పైగా హాఫ్ డాలర్లు షాపుల్లో తిరగవు కాబట్టి బ్యాంకుల్లో ఉండవు, ఆర్డర్ పెట్టాలి, బాక్సు అంటే 50 రోల్స్, 1000 నాణేలు, 500 డాలర్లు, బరువు పదకొండు కిలోల పైన. రెండు వేలంటే నాలుగు బాక్సులు, 45 కిలోలు. మంచులో జారే పార్కింగ్ లాట్‌లో 68 ఏళ్ళాయన అది మోయడం నాకు ఇష్టం లేదు, ఏమీ దొరక్కపోతే ఆయన రెండో వారానికే నీరసపడి మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళిపోతారు, అది అసలే ఇష్టం లేదు.

ఒక్కటి మాత్రం చెయ్యండి, బ్యాంకుకి వెళ్ళిన ప్రతిసారీ, మీ డ్రాయర్‌లో విడి హాఫ్ డాలర్లు ఏమైనా ఉన్నాయా అని అడగండి. ఎవరో పెద్దాయన పోయాక పిల్లలు సీసాలో ఉన్న చిల్లర తెచ్చి డిపాజిట్ చేసి పోతారు, అవి డ్రాయర్‌లో మూల పడి ఉంటాయి, అలాంటివి నాలుగున్నా ఎనిమిదున్నా తెచ్చుకోండి. తేదీ చూడక్కర్లేదు, అంచు చూస్తే చాలు: వెండిదైతే అంచు మొత్తం తెల్లగా ఒకే రంగులో ఉంటుంది, 1971 నుంచి కొట్టినదైతే మధ్యలో రాగి ఎర్రగా గీతలా కనిపిస్తుంది. 40 శాతంవాటి అంచు కొంచెం అనుమానంగా ఉంటుంది, వాటికి మాత్రం తేదీ చూసుకోవాలి. ఇంకోటి, టేబుల్ మీద మోగించి చూడమనండి. రూపాయి మోగించి చూసుకునే అలవాటు మన పాతతరానికి ఎలాగూ ఉంది, వెండి సన్నగా ఆగకుండా మోగుతుంది, మామూలుది టక్కున ఆగిపోతుంది. మామగారి చెవికి ఒక్కసారి తెలిస్తే చాలు.

మరి దేనితో మొదలుపెట్టాలి అంటే నా సమాధానం నికెల్స్, అంటే అయిదు సెంట్ల నాణెం. ఎందుకో చెప్తాను. డైములూ క్వార్టర్లలో పాతవన్నీ వెండివి కాబట్టి ఎప్పుడో ఏరేశారు. నికెల్ అలా కాదు, 1946 నుంచి ఇవాళ్టి దాకా అదే లోహం, 75 శాతం రాగి, 25 శాతం నికెల్, అందుకని పాతవాటిని ఎవరూ పనిగట్టుకుని ఏరలేదు, 1940ల్లో 50ల్లో కొట్టిన నాణేలు ఇంకా మామూలు చిల్లరలో తిరుగుతూనే ఉన్నాయి. నీలం కాగితం చుట్టిన రోల్ అడగండి, 40 నాణేలు, రెండు డాలర్లు, 200 గ్రాములు. బాక్సు అయితే 2000 నాణేలు, వంద డాలర్లు, అదీ పది కిలోలే, కాబట్టి మొదట్లో బాక్సు వద్దు, పది రోల్స్ చాలు. ఇరవై డాలర్లు, రెండు కిలోలు, మామగారికి ఒక సాయంత్రం. నాలుగైదు రోల్స్ విప్పేసరికి ఆయన పుట్టకముందు కొట్టిన నాణెం ఒకటైనా చేతిలో పడే అవకాశం బాగా ఉంది, మొదటివారంలో మనిషికి కావాల్సింది అదే.

అందులో అసలు వెతకాల్సింది వార్ నికెల్. రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్ లోహం ఆయుధాలకి కావాల్సొచ్చి, 1942 అక్టోబర్ నుంచి 1945 చివరిదాకా నాణెంలోంచి నికెల్ పూర్తిగా తీసేసి 56 శాతం రాగి, 35 శాతం వెండి, 9 శాతం మాంగనీస్ కలిపి కొట్టారు. దీన్ని గుర్తుపట్టడం సులువు. వెనక వైపు ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో ఉంటుంది కదా, ఆ గుమ్మటం పైన పెద్ద అక్షరం ఒకటి ఉంటుంది, పీ గానీ డీ గానీ ఎస్ గానీ, అది ఏ మింట్‌లో, అంటే ఏ టంకశాలలో కొట్టారో చెప్పే గుర్తు (ఫిలడెల్ఫియా, డెన్వర్, శాన్ ఫ్రాన్సిస్కో), మామూలు నికెల్స్‌లో అంత పెద్ద అక్షరం అక్కడ ఎక్కడా ఉండదు. ఈ పెద్ద పీ వెనక ఓ సంగతుంది, అప్పటిదాకా ఫిలడెల్ఫియా మింట్ తన నాణేల మీద గుర్తే వేసేది కాదు, అమెరికా నాణెం మీద పీ అక్షరం రావడం ఇదే మొదటిసారి, యుద్ధం అయ్యాక వీటిని విడిగా ఏరి వెనక్కి తీసుకోవడానికి వీలుగా అలా వేశారు. 1942లో మాత్రం రెండు రకాలూ ఉన్నాయి, గుమ్మటం మీద పెద్ద అక్షరం లేకపోతే అది మామూలుదే, తేదీ చూసి సంబరపడొద్దని మనవడికి ముందే చెప్పండి. కొన్నాళ్ళు పోయాక అక్షరం కూడా చూడక్కర్లేదు, రోల్ విప్పి వరసగా పేర్చగానే తెలిసిపోతుంది, మిగతావి బూడిదరంగులో మెరుస్తుంటే ఇది ఒక్కటీ మాంగనీస్ వల్ల నల్లగా, జిడ్డు పట్టిన వెండి పట్టీలా ఉంటుంది. నాకు మొదటిది దొరికినప్పుడు మురికి నాణెం అనుకుని పక్కకి తోసేశాను, మళ్ళీ రోల్ చుట్టేటప్పుడు వెనక్కి తిప్పితే పెద్ద ఎస్ కనిపించింది, ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఒక్కో దాంట్లో వెండి 1.75 గ్రాములు, లెక్క మామగారే చేసుకుంటారు. బాక్సుకి ఒకటో రెండో వస్తే బావుంది అనుకుంటాను నేను, ఒక్కటీ రాని బాక్సులూ చాలా చూశాను.

తర్వాత బఫెలో నికెల్, 1913 నుంచి 1938 దాకా, ఒకవైపు నేటివ్ అమెరికన్ ముఖం, రెండోవైపు అడవిదున్న. తేదీ వేసిన చోటు కాస్త ఎత్తుగా ఉండటంతో అదే ముందు అరిగిపోతుంది, తేదీ లేకుండా నున్నగా దొరికినా ఉంచుకోండి, చూడ్డానికే అందంగా ఉంటుంది. జెఫర్సన్ నికెల్స్ 1938లో మొదలయ్యాయి, అందులో 1950 డీ గుర్తుది అన్నిటికంటే తక్కువ కొట్టారు, 26 లక్షల 30 వేలు మాత్రమే. కొత్తవాటిలో 2009వి పక్కన పెట్టండి, మాంద్యం దెబ్బకి నాణేల గిరాకీ పడిపోయి ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో 4 కోట్లలోపు, డెన్వర్‌లో 4 కోట్ల 68 లక్షలు కొట్టారంతే, మిగతా ఏళ్ళ ముందు అది చాలా తక్కువ. దీనికి ఉల్టా 1964, అదేమో రెండు మింట్లూ కలిపి 280 కోట్లు కొట్టారు, ప్రతి రోల్‌లోనూ తగులుతుంది, పాతదే కదా అని దాచడం మొదలుపెడితే ఇల్లు నిండిపోద్ది. 1968 నుంచి మింట్ గుర్తు ముందు వైపుకి వచ్చింది, అంతకుముందు వెనక ఇంటి పక్కన ఉండేది, 65, 66, 67 సంవత్సరాలకి గుర్తే లేదు, ఇది తెలియక మొదట్లో అందరూ కంగారుపడతారు.

మీ బాబుకి మాత్రం క్వార్టర్లు ఇవ్వండి. 2019లోనూ 2020లోనూ న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్ మింట్‌లో డబ్ల్యూ గుర్తుతో క్వార్టర్లు కొట్టి కావాలనే మామూలు చిల్లరలో కలిపేశారు, జనం వెతుక్కోవాలని. ఏడాదికి అయిదు డిజైన్లు, ఒక్కోటి 20 లక్షలు. గుర్తు వాషింగ్టన్ జడ వెనకాల చిన్నగా ఉంటుంది, చిన్నపిల్లల కళ్ళకి తేలిగ్గా ఆనుతుంది. 2020 వాటికి ఇంకో పని కూడా చేశారు, రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 75 ఏళ్ళయిన సందర్భంగా చిన్న ముద్ర వేశారు, అందులో వీ అక్షరం, 75 అంకె ఉంటాయి. వాడికి ఇది దొరికితే స్కూల్లో వారం రోజులు అదే చెప్తాడు. పెన్నీల సంగతి, అంటే ఒక సెంటు నాణేలు, 1958 దాకా వెనక గోధుమ కంకులున్నవి వస్తే ఉంచుకోండి. సర్క్యులేషన్ కోసం పెన్నీలు కొట్టడం 2025 నవంబర్ 12తో ఆపేశారు, ఇక ముందు రోల్స్ ఎలా దొరుకుతాయో బ్రాంచిని బట్టి ఉంటుంది. డైములు వద్దు, మామగారి కళ్ళకి అంత సన్న అక్షరాలు శ్రమ.

ఇప్పుడు బ్యాంకు. రోల్స్ మీ అకౌంట్ ఉన్న బ్రాంచిలోనే, మీ పేరు మీదే తీసుకోండి, అకౌంట్ లేనివాళ్ళకి చాలాచోట్ల ఇవ్వరు. మధ్యాహ్నం లంచ్ టైములో, శుక్రవారం సాయంత్రం, నెల మొదట్లో వెళ్ళొద్దు, వారం మధ్యలో ఉదయం పదకొండింటికి లైన్ ఉండదు, అప్పుడు వెళ్ళి, కస్టమర్లు చేత్తో చుట్టి తెచ్చిన రోల్స్ ఏమైనా ఉన్నాయా అని అడగండి. మెషిన్లో చుట్టిన కొత్త రోల్స్ కంటే ఇవి మేలు, ఎవరింట్లోనో ఏళ్ళ తరబడి డబ్బాలో పడున్న చిల్లర అందులో ఉంటుంది. నేను మొదట్లో చేసిన తప్పు ఏంటంటే, తెచ్చిన చోటికే మూడోరోజు సంచీలో విడి నాణేలు పట్టుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. నెలరోజులు నవ్వుతూ తీసుకున్నారు, తర్వాత ఒకరోజు మేనేజర్ వచ్చి ఇక మీకు రోల్స్ ఇవ్వలేం అని చెప్పేశారు. ఆలోచిస్తే తప్పు నాదే, వాళ్ళ డ్రాయర్ నేను ఖాళీ చేసి, మళ్ళీ లెక్కపెట్టే పని కూడా వాళ్ళకే పెట్టాను. అప్పట్నుంచి తెచ్చేది ఒకచోట, తిరిగిచ్చేది ఇంకోచోట, ఇచ్చేచోట అకౌంట్ ఉండి కాయిన్ మెషిన్ ఉందేమో ముందే కనుక్కుంటాను. లేకపోతే రోల్స్ చుట్టి ఇస్తాను, ఖాళీ కాగితాలు బ్యాంకే ఇస్తుంది. గ్రోసరీ స్టోర్లలో ఉండే మెషిన్లు ఫీజు కోసుకుంటాయి, వాటి జోలికి పోకండి.

చుట్టడంలో మీ మామగారిని మించినవాళ్ళు మీ ఊళ్ళో ఉండరమ్మా. బ్యాంకులో అన్నేళ్ళు కట్టలు కట్టిన చేయి అది, నలభై అంటే నలభయ్యే ఉంటాయి, ఒకటి తక్కువా ఒకటి ఎక్కువా ఉండదు. టెల్లర్ రెండుసార్లు తూచి చూసి సరిగ్గా ఉన్నాయని తెలిస్తే మూడోసారి మీ రోల్స్ మీద నమ్మకం వస్తుంది. ఓసారి మామగారిని కూడా కౌంటర్ దగ్గరికి తీసుకెళ్ళండి, మా మామగారు ఇండియాలో మీ ఉద్యోగమే చేశారు అని పరిచయం చెయ్యండి. మీకు హాఫ్ డాలర్లు దొరికేది కూడా అలాగే, డ్రాయర్‌లో ఏదైనా వింతది వచ్చినప్పుడు వాళ్ళే పక్కన పెట్టి పిలుస్తారు.

ఇంట్లో పెద్ద ఏర్పాటేం అక్కర్లేదు. డైనింగ్ టేబుల్ మీద పాత తువ్వాలు పరిచి, మంచి లైటు, పదిరెట్లు చూపించే చిన్న భూతద్దం, మూడు స్టీలు గిన్నెలు: చూసేసినవి, ఉంచుకునేవి, అనుమానం ఉన్నవి. ఒక నోట్‌బుక్ ఇవ్వండి, ఏ బ్రాంచి, ఎన్ని రోల్స్, ఏం దొరికాయి అని రాసుకుంటారు, ఆయనకి లెడ్జర్ అలవాటే కదా. చూసిన తర్వాత చేతులు కడుక్కోవడం మాత్రం ఇద్దరికీ గట్టిగా చెప్పండి, వేళ్ళన్నీ నల్లగా అవుతాయి.

అత్తయ్యగారికి ఒక మాట చెప్పండి, నాణేలని కడగొద్దు. నల్లగా ఉన్న రాగి చూడగానే మన ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా చింతపండు గుర్తొస్తుంది, నేనూ అదే చేశాను. 1919 వీట్ పెన్నీ, అంటే ఆ గోధుమ కంకులదే, గోధుమరంగులో చక్కగా ఉండేది, పూజగదిలో రాగి చెంబు తోమినట్టు చింతపండూ ఉప్పూ పెట్టి తోమితే గులాబీ రంగులోకి వచ్చి, చూడ్డానికి నిన్న కొట్టినట్టుంది. కాయిన్ షాపాయన దాన్ని చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూసి తిరిగిచ్చేశారు, వందేళ్ళు పట్టిన రంగు అది, అయిదు నిమిషాల్లో పోగొట్టారు అన్నారు. ఇప్పటికీ ఉంది నా దగ్గర, ఎవరికైనా నేర్పేటప్పుడు మొదట అదే చూపిస్తాను. దుమ్ము ఉన్నా జిడ్డు ఉన్నా అలాగే చిన్న కాగితం కవర్‌లో పెట్టి తేదీ రాసి దాచడమే.

వీడియోల గురించి కూడా చెప్పాలి. ఈ పెన్నీ మీ దగ్గరుంటే లక్షాధికారి అని వచ్చేవన్నీ పక్కన పెట్టమనండి. అలాగే ఎవరూ వెతకని రోల్ అని రాసి ఆన్‌లైన్‌లో ఎక్కువ రేటుకి అమ్ముతుంటారు, చివర్లో ఒక పాత నాణెం కనిపించేలా పెడతారు, లోపల అంతా మామూలు చిల్లరే ఉంటుంది, ఒక్క డాలర్ కూడా పెట్టొద్దు. బ్యాంకులో ముఖ విలువకి దొరికేదానికి పైన పైసా ఇచ్చినా అప్పుడు మీవారు అన్న లాటరీ అవుతుంది. ఇండియా వెళ్ళాక కూడా పాత నాణేలు లక్షలకి కొంటాం, ముందు ఫీజు కట్టండి అని ఫోన్లు వస్తాయి, రిజర్వ్ బ్యాంక్ పేరు కూడా వాడుకుంటారు, దీని గురించి 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరిక ఇచ్చింది. మామగారు బ్యాంకు మనిషే అయినా ఇష్టం ఉన్నచోట మనిషి కాస్త మెత్తబడతాడు, అందుకే చెప్తున్నాను.

ఇండియాకి తీసుకెళ్ళడం: నికెల్స్, పెన్నీల మీద ఒక రూల్ ఉంది. వాటిలో లోహం ముఖ విలువ కంటే ఎక్కువ అవుతోందని 2006 చివర్లో కరిగించడమూ, దేశం దాటించడమూ నిషేధించారు. మనిషి వెంట అయిదు డాలర్ల దాకా మామూలుగా తీసుకెళ్ళొచ్చు, కలెక్షన్ కోసమే అని స్పష్టంగా ఉంటే 25 డాలర్ల దాకా. అంటే 500 నికెల్స్, రెండున్నర కిలోలు. ఆవకాయ లేకుండా తిరిగెళ్ళే సూట్‌కేసులో ఆ మాత్రం చోటు ఉంటుంది, కానీ అంత అవసరం రాదు. విడిగా కవర్లలో పెట్టి, తేదీలు రాసి, నోట్‌బుక్‌తో పాటు పెట్టుకుంటే ఎవరు చూసినా కలెక్షన్ అని తెలుస్తుంది.

ఇంకో పని కూడా ఆయనకి అప్పజెప్పండి. మన నాణేల మీదా మింట్ గుర్తులు ఉంటాయి, తేదీ కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. సర్వీసులో సంచులకి సంచులు లెక్కపెట్టి ఉంటారు, అప్పుడు కౌంటర్ ముందు లైను ఉంటే ఎవరికి తీరిక ఈ చుక్క చూడ్డానికి. మీ పర్సుల్లో మూలమూలల ఉండిపోయిన రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు ఉంటాయిగా, అవి తీసి తాతా మనవళ్ళ ముందు పోయండి, రేపు బ్యాంకు తెరిచేలోపు ఆ గుర్తులు వెతకడం నేర్చుకుంటే నికెల్ మీద డీ ఎక్కడుందో కనిపెట్టడం వాళ్ళకి పెద్ద లెక్క కాదు. బుధవారం పదకొండింటికి వెళ్ళి పది రోల్స్ తెండి, నీలం కాగితంవి. గుమ్మటం పైన పెద్ద అక్షరం కనిపించిన రోజు నాకు రాయండి, ఏ అక్షరమో కూడా చెప్పండి.